ఐదో గోడ

పంచదార డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరన్నది ఆ ఉదయం తగువు.

"రాయిలా గడ్డ కట్టింది చూడు," అన్నాడు భర్త, డబ్బా ఆమె ముక్కు దగ్గరికి తెచ్చి. "చివరిసారి మూత తీసిందెవరు?"

"మీరే. కాఫీ కలుపుకున్నారుగా."

"నా చెంచా ఎప్పుడూ పొడిగానే ఉంటుంది."

"పోనీలేరా," అంది బీన్స్ తుంచుతున్న అత్తగారు. "చీమలకే లేని పట్టింపు నీకెందుకు?"

అతను డబ్బా ఠపీమని బల్ల మీద పెట్టి ఫోనులో మెయిల్ చూసుకున్నాడు. రెండు నెలల కింద ఓ పెద్ద కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. అప్పటినుంచీ గంటకోసారి ఇదే పని. ఏమీ రాలేదు. ఆ కోపమూ ఆమె మీదికే మళ్లింది.

"ఈ వారం నీకు పరీక్ష ఉంది. గుర్తుందిగా?"

అతను ఒక కంపెనీలో కంప్యూటర్లకు కాపలాదారు. దొంగలు వాటిలోకి చొరబడకుండా చూడటం అతని ఉద్యోగం. అక్కడ మేనేజరు అతని మాట చెవిన పెట్టడు. అందుకని తన విద్యంతా ఇంటి కంప్యూటరు మీద చూపిస్తాడు. హాల్లో మూల బల్ల మీదున్న ఆ ఒక్క కంప్యూటరుకి నాలుగు గోడలు కట్టాడు. ఇంటర్నెట్ పెట్టెలో ఒక ఫైర్‌వాల్. కంప్యూటరులో ఇంకొకటి. పైన వైరస్‌ను పట్టే ప్రోగ్రాం. అవన్నీ చాలవన్నట్టు, పాస్‌వర్డ్ కొట్టాక ఫోనుకి వచ్చే ఆరంకెలు. ఆమెకిచ్చిన ఖాతాలో చిన్న ఆట ఎక్కించుకునే అధికారం కూడా లేదు.

"ఒక గోడ దూకినవాడు రెండోదాని దగ్గర నడుం విరగ్గొట్టుకోవాలి," అంటాడు. "ఐదో గోడ మనిషి. అంటే నువ్వు. మట్టిగోడ."

ఆ కంప్యూటరు మీదే ఆమె ఒక ప్రచురణ సంస్థకి అచ్చుతప్పులు దిద్దిపెడుతుంది. నాలుగేళ్లుగా ఆమెకంటూ ఉన్నది ఆ పనొక్కటే.

మట్టిగోడ గట్టిదనం తేల్చడానికి అతను నెలకోసారి ఆమెకు దొంగ మెయిల్ పంపుతాడు. ఒకసారి కరెంటాఫీసు పేరుతో, ఒకసారి బ్యాంకు పేరుతో. అందులో లింకు నొక్కితే 'ధన్యవాదాలు' అని వస్తుంది, అంతే. నొక్కిన సంగతి మాత్రం నిమిషాలతో సహా అతని ఫోనుకి చేరిపోతుంది. రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నాక జేబులోంచి చీటీ తీసి చదువుతాడు.

"పంపింది: నేను. నొక్కింది: నువ్వు. సమయం: నాలుగూ పది. మార్కులు: సున్నా."

ఇప్పటికి మూడు సున్నాలు. మూడోది ఆమె పనిచేసే సంస్థ పేరుతోనే వచ్చింది.

"మావాళ్ల పేరే ఉంది కదండీ. ఎలా కనుక్కోను?" అంది ఆ రోజు.

"పేరు కాదు, అడ్రసు చూడాలి. ఒక్కక్షరం తేడా ఉంటుంది." ఆ మెయిల్ ఎలా తయారుచేశాడో తెర మీద మెట్టు మెట్టుగా చూపించి మరీ వెక్కిరించాడు. ఆమె పెన్సిలుతో రాసుకుంది.

"రాసుకో, రాసుకో. ఇంకోసారి తప్పితే నీ ఖాతా పీకేస్తాను."

"చేస్తున్న పని పోగొడతావేమిట్రా?" అంది అత్తగారు.

"చేతనైతే నిలబెట్టుకోమను."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచీ ప్రతి మెయిల్‌నూ తేలుని చూసినట్టు చూస్తోంది. నిన్న ఒకే పేజీని ఐదుసార్లు దిద్దింది.

ఇవాళ పదకొండూ నలభైకి ఆమె ఫోను గుర్రుమంది. చూసుకున్న ఆమె మొహంలో రంగు మారింది.

"మళ్లీ నొక్కావా ఏమిటే?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. మీ పెన్ను ఒకసారి ఇవ్వండి."

సాయంత్రం అతను ఈల వేసుకుంటూ వచ్చాడు. కొడుకు ఈల వెయ్యడం అత్తగారు పదేళ్లుగా వినలేదు. కోడలి వంక జాలిగా చూసింది.

కంచాల ముందు కూర్చున్నారు.

"ఇవాళ నేనొకటి చెప్పాలి," అంది ఆమె.

"నీది తర్వాత." అతను జేబులో చెయ్యి పెట్టలేదు. "అమ్మా, పెద్ద కంపెనీ నుంచి మెయిల్‌లో ఉత్తరం వచ్చింది. ఒకటో తారీఖున చేరమన్నారు. ఎంత చక్కటి ఉత్తరం. ఒక్క తప్పు లేదు. వాళ్ల పద్ధతే వేరు."

"మరి ఇక్కడ?"

"రాజీనామా ఆ మేనేజరు మొహాన కొట్టొచ్చాను. పదిమంది ముందు దద్దమ్మా అన్నాను. ఇక వాడు కాళ్లు పట్టుకున్నా ఆ గడప తొక్కను."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏదో అనబోయింది.

"నీకూ చెబుతున్నా," అన్నాడు ఆమె వైపు తిరిగి. "ఇక నా జీతం చాలు. రేపు పొద్దున్నే నీ ఖాతా తీసేస్తున్నాను. నీ అచ్చుతప్పుల వాళ్లకి ఓ దండం పెట్టి వచ్చెయ్. పరీక్షల పీడా ఉండదు."

ఆమె ముద్దను కంచంలో పెట్టేసింది.

"ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావు?"

"చెప్పేది కాదండీ, చదివేది," అంటూ ఆమె కంచం కింది చీటీ తీసి విప్పింది: "పంపింది: నేను. నొక్కింది: మీరు. సమయం: పదకొండూ నలభై. మార్కులు: సున్నా."