వాగు దాకా నడక

కవిగారి బల్ల మీద దుమ్ము తుడవాలి. సిరాబుడ్డిలో కాస్త సిరా పోయాలి. పెరట్లో తీగ మీది బట్టలు తీసేయాలి. వాగు దారిలో అడ్డంగా పడ్డ ముళ్లకొమ్మల్ని పక్కకు లాగాలి. అత్తయ్యకు తిండి, మంచినీళ్లు వెనక గదిలో పెట్టి, తలుపుకు బయట గడియ వేయాలి.

సందర్శకుల బస్సు వచ్చేలోపు, కవిగారి ఇల్లు చూపించే గైడు అన్నీ చేశాడు. గడియ దగ్గరికి వచ్చేసరికి చేతులు రాలేదు.

అత్తయ్య మంచం మీద కూర్చుని అతని అవస్థ చూస్తోంది. "వేసెయ్ నాయనా. పెళ్లి చేసుకుని గడప దాటిన రోజే మావాళ్లు నాకు నీళ్లొదిలేశారు. ఈ గడియ ఒక లెక్కా?"

మామయ్య పోయాక, వెళ్లడానికి ఇంకెక్కడా చోటు లేక ఆమె అతని దగ్గరికి వచ్చింది. ఆమెతో చిక్కల్లా ఆ నోరే. ఒకసారి అతను కళ్లు అరమోడ్చి, "ఈ కిటికీలోంచి సూర్యోదయం చూస్తూ కవిగారు రాసుకునేవారు" అని చెబుతుంటే, వెనక నుంచి, "ఆ కిటికీ పడమటి వైపు కదా నాయనా" అంది. వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి ఈ గడియ.

ఇవాళ వచ్చేది లెక్చరరమ్మ. ఆవిడకు నచ్చితే ఏటా విద్యార్థుల్ని తీసుకొస్తుంది. లేకపోతే ఇల్లు మూసేస్తామని ట్రస్టువాళ్లు తెగేసి చెప్పారు. ఇల్లు మూతపడితే అతని పని పోవడమే కాదు, ఇద్దరికీ తలదాచుకునే చోటు కూడా ఉండదు.

"దారినపోయే ప్రతివాళ్లకీ చూపిస్తావు. నాకు మాత్రం చూపించవేం, ఆ వాగు?"

"చాలా దూరం అత్తయ్యా. మీ మోకాళ్లు..."

"నీ భయం నా మోకాళ్ల గురించి కాదులే. నోరు కుట్టేసుకుంటాను, సరేనా?"

గైడు గడియ మీంచి చెయ్యి తీసేశాడు. "ఎవరైనా అడిగితే?"

"నేనూ చూడ్డానికే వచ్చానంటాను. అబద్ధం కాదుగా."

బస్సు దిగినవాళ్లలో అత్తయ్య కలిసిపోయింది. కిటికీ దగ్గర అతను సూర్యోదయం మాట ఎత్తగానే అత్తయ్యకు దగ్గొచ్చింది.

"పొలమారిందా అమ్మా?" అంది లెక్చరరమ్మ. "మీవాళ్లెవరో తలచుకుంటున్నట్టున్నారు."

"నన్ను తలచుకునేవాళ్లు ఎవరున్నారమ్మా" అంది అత్తయ్య. కిటికీ ఊసెత్తలేదు.

రాళ్లు పరిచిన సందులు, కోటగోడ నీడ దాటాక, గడ్డి మధ్య కాలిబాట. అందరికంటే వెనక నడుస్తున్న అత్తయ్యకు మోకాళ్లు మొరాయిస్తే లెక్చరరమ్మే చెయ్యి అందించింది. గైడు మాటిమాటికీ వెనక్కి చూస్తూ నడిచాడు.

వాగు ఒడ్డున అతను గొంతు తగ్గించాడు. "ఇక్కడే. తమ్ముడు కాలు జారితే, ఈత రాని అక్క వెనకాముందూ చూడకుండా దూకింది. తమ్ముణ్ని గట్టు మీదికి తోసి తను కొట్టుకుపోయింది. ఆ రోజుతో ఆ ఇంటికి ఆడపిల్ల లేకుండా పోయింది. ఆ తమ్ముడే మన కవిగారు. మీరంతా బళ్లో కంఠస్థం చేసిన పద్యం ఆ అక్క మీదిదే."

కొందరు కళ్లు తుడుచుకున్నారు. లెక్చరరమ్మ పక్కకు తిరిగింది. "మీరూ చదివారా అమ్మా?"

"చదివానమ్మా. బాగా రాశాడు. నాకూ ఏడుపొచ్చింది."

"రాశాడా?" లెక్చరరమ్మ నవ్వింది. "మేమంతా గారూ గారూ అంటుంటే మీరేంటండీ అంత చనువుగా..."

"వయసులో పెద్దదాన్ని కదా. నోరు తిరగదు."

గైడు మాట మళ్లించబోయాడు. కానీ ఆవిడ ఇక అడగలేదు. అతని వైపు తిరిగి, "ఈ చోటు పిల్లలు చూడాలండీ. ఏటా తీసుకొస్తాను" అంది.

గండం గడిచింది. సంతోషించాల్సింది పోయి, ఒకరి నోటి దగ్గరి ముద్ద లాక్కుతిన్నవాడిలా అతనికి మొహం చెల్లలేదు. ప్రతిసారీ ఆఖర్న చెప్పే మాట ఒక్కటి మిగిలింది. అత్తయ్య వైపు చూడకుండా, నీళ్లను చూస్తూ చెప్పాడు.

"వెళ్లేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆ అక్కను తలచుకోండి. ఆమెను మరిచిపోకండి."

లెక్చరరమ్మ చెయ్యి పట్టుకుని, ఆ అక్క కూడా కళ్లు మూసుకుంది.