అరువు నాయనమ్మ

ముప్ఫై అయిదో ఏట బాస్కెట్‌బాల్ ఆటగాడు వుకాషిన్‌కు అర్జెంటుగా ఒక నాయనమ్మ కావలసి వచ్చింది.

సొంత నాయనమ్మ సెర్బియాలో ఎప్పుడో పోయింది. ఇప్పుడు కావలసింది గ్రీసు నాయనమ్మ. గ్రీసులోని ఎదెస్సా ఊరి క్లబ్బులో పరదేశులకు ఉన్నవి రెండే చోట్లు. ఆ రెండింట్లోనూ అమెరికా కుర్రాళ్ళు బైఠాయించారు. ఒంట్లో గ్రీకు రక్తం ఉందని రుజువైతే మాత్రం వుకాషిన్ కూడా ఈ దేశంవాడి కిందే లెక్క.

పోలండు, సైప్రస్, రొమేనియా, మళ్ళీ పోలండు. ఎక్కడికెళ్ళినా ఏడాది తిరిగేసరికి క్లబ్బువాళ్ళు వీపు తట్టి పంపేసేవారు. అతని కూతురు ఏటా ఒక కొత్త బళ్ళో, కొత్త భాషలో ఏడవడం నేర్చుకునేది.

"ఇక నావల్ల కాదు. ఈ ఊళ్ళో కుదిరితే సరేసరి. లేదంటే మా తమ్ముడి టైర్ల కొట్లో కూర్చో," అని పెళ్ళాం తెగేసి చెప్పింది. ఆ బావమరిదితో రోజంతా గడపడం కంటే జైలే నయమనిపించింది వుకాషిన్‌కు. అందుకే ఏజెంటు థ్రాసోస్ చెప్పిన పథకానికి తలూపాడు.

"ఎవాంథియా అని ఒక ముసలావిడ ఉందిరా. మొగుడు పోయాడు, పిల్లల్లేరు," అన్నాడు థ్రాసోస్. "ఆవిడకో కొడుకుండేవాడని, బెల్‌గ్రేడులో పెళ్ళి చేసుకుని అక్కడే పోయాడని చెబుతాం. ఆ లేని కొడుక్కి పుట్టినవాడివి నువ్వు. కాగితాల సంగతి నాకొదిలెయ్."

"ఆవిడ ఒప్పుకుందా అన్నా?"

"ఒప్పుకోవడమా! మనవడు పొడుగ్గా ఉంటాడా, అటక మీద జాడీలు అందుతాయా అని అడిగింది."

అందాయి. ఆదివారం ఆదివారం వెళ్ళి వుకాషిన్ జాడీలు దించాడు, చెర్రీలు కోశాడు, పొయ్యి గొట్టం దులిపాడు. సైప్రస్‌లో నేర్చుకున్న గ్రీకుతో తడబడితే ఎవాంథియా నెత్తిన మొట్టి సరిచేసేది. కడుపు పగిలేలా పాలకూర కూరిన పిట్టా రొట్టెలు పెట్టి, ఇంకోటి తినలేదని తిట్టేది. సొంత నాయనమ్మ కూడా అన్ని తిట్లు తిట్టి ఎరగదు. వుకాషిన్‌కు ఆ ఇల్లు నిజంగానే నచ్చింది.

తనిఖీ రోజు రానే వచ్చింది.

"జాగ్రత్తరోయ్," అని చెవిలో ఊదాడు థ్రాసోస్. "ఏథెన్సు బాస్కెట్‌బాల్ సంఘం ఆఫీసు నుంచి వస్తున్నవాడు ఒకప్పుడు తనూ ఆడినవాడే. దొంగ మనవల్ని వాసన పట్టేస్తాడట."

ఆ అధికారి పొడగరి, బట్టతల. ముఖాన నవ్వన్నది మచ్చుకైనా లేదు. కురచ గుమ్మంలోంచి వంగి లోపలికొచ్చి, కిటికీ పక్క కుర్చీలో చతికిలబడ్డాడు. ఎవాంథియా అతన్ని ఎగాదిగా చూసి, క్విన్సు పళ్ళ పాకం, గ్లాసుడు చల్లటి నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"మీ అబ్బాయి ఎలా పోయాడమ్మగారూ?"

"ఆ మాటెత్తకండి బాబూ!" అంటూ ఆవిడ కొంగులాంటి ఏప్రన్‌లో ముఖం దాచుకుంది. పుట్టనే పుట్టని కొడుకు కోసం ఏకధారగా కన్నీళ్ళు కార్చింది. వుకాషిన్‌కు కూడా తండ్రి పోయినంత దుఃఖం ముంచుకొచ్చింది. ఆయన బెల్‌గ్రేడులో నిక్షేపంలా ఉన్నాడన్న సంగతి కాసేపటికి గాని గుర్తు రాలేదు.

అధికారి చలించలేదు. "మీ వారి పేరు?"

"అనెస్తిస్. దేవుడి దగ్గరున్నాడు."

"కొడుకు బిడ్డకు తాత పేరేగా పెడతాం? కాగితాల్లో ఇతని పేరు లూకాస్ అని ఉందేమిటి?"

థ్రాసోస్ ముఖం సున్నం కొట్టినట్టయింది. లూకాస్ అతని తండ్రి పేరు. మగబిడ్డ పేరు రాయాల్సి వచ్చేసరికి, అలవాటు కొద్దీ సొంత తండ్రి పేరు పెట్టేశాడు మహానుభావుడు! వుకాషిన్ కళ్ళ ముందు టైర్లు గిర్రున తిరిగాయి.

ఎవాంథియా మాత్రం తొణకలేదు. "ఆ పేరు పెద్ద మనవడికి పెట్టేశాం నాయనా. వీడు రెండోవాడు."

"పెద్దవాడా? ఏడీ?"

"ఉన్నాడు ఒకడు. వాడికేం, పెద్ద ఉద్యోగం, పెద్ద బొజ్జ. నాయనమ్మ ఉందో ఊడిందో కనుక్కుంటేగా!"

చచ్చాంరా దేవుడా, అనుకున్నాడు వుకాషిన్. లేని కొడుకు చాలనట్టు లేని అన్నయ్య కూడానా? ఇప్పుడు వాడి కాగితాలడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాం?

అధికారి గొంతు సవరించుకున్నాడు. గ్లాసులో నీళ్ళు గటగటా తాగాడు. సంచీలోంచి ముద్ర తీసి కాగితం మీద టపామని కొట్టాడు.

"అంతా సవ్యంగానే ఉంది. ఆడుకోవచ్చు."

వుకాషిన్ ఎగిరి గంతేసి దూలానికి తల కొట్టుకున్నాడు. నొప్పి కూడా తెలియలేదు. ఎవాంథియాను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. "దించరా గాడిదా!" అంటూనే ఆవిడ దిష్టి తగలకుండా అతని మీద ముమ్మారు తూతూ అని ఉమ్మింది. థ్రాసోస్ గోడకు జారగిలబడి శిలువ వేసుకున్నాడు.

ఈ సందట్లో అధికారి సంచీ చంకన పెట్టుకుని, చప్పుడు చేయకుండా బయటపడబోయాడు. గుమ్మం దగ్గర వంగాడో లేదో, ఎవాంథియా ఒక్క ఉదుటున వెళ్ళి అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"ఏరా అనెస్తీ, ఇరవై ఏళ్ళ కిందట ఇదే కుర్చీలో కూర్చుని నా మనవడివని అబద్ధమాడి ఈ దేశంలో స్థిరపడ్డావే, తమ్ముడి తనిఖీ పడితే తప్ప ఈ నాయనమ్మ గడప తొక్కవా?"