పద్నాలుగో నంబరు తలుపు

క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగింది.

పద్నాలుగో నంబరు భవనంలో వాళ్లంతా మెట్లు దిగి నేలమాళిగలోకి పరుగెత్తారు. రెండో అంతస్తు గెర్షోన్ మాత్రం వీధి తలుపు వైపు నడిచాడు.

"మళ్లీ మొదలెట్టాడు పెద్దాయన," అన్నాడు రహమిమ్.

టైర్ల షాపు రహమిమ్ ఆ భవనం కమిటీకి పెద్ద. కిందటి వేసవికి ముందు సైకిళ్లు పోతున్నాయని, అంకెలు నొక్కితే తప్ప తెరుచుకోని తాళం వీధి తలుపుకి బిగించింది అతనే. గెర్షోన్ అద్దెకొచ్చింది ఈ చలికాలంలో. వచ్చిన నాటి నుంచీ సైరన్ మోగితే చాలు, ఆ తలుపు బార్లా తీసి భుజం ఆనించి నిలబడతాడు. దారిన పోయేవాళ్లంతా లోపలికి దూరతారు. వాళ్లందరి వెనకా ఆయన దిగుతాడు.

ఈసారి కూరల సంచీతో ఒకావిడ వచ్చింది. తుపాకీ తగిలించుకున్న సైనికురాలు వచ్చింది. కుక్కతో ఒకాయన వచ్చాడు.

"కుక్కని కూడా రానిచ్చావా?" అన్నాడు కింద రహమిమ్.

"దానికీ సైరన్ వినిపిస్తుందిగా," అన్నాడు గెర్షోన్.

'ఇక్కడ రాజకీయాలు వద్దు' అని నేలమాళిగ గోడ మీద రాసింది రహమిమే. రోజూ మొదలెట్టేదీ అతనే.

"ఏం టీచరమ్మా, శనివారం వస్తే చాలు రోడ్డు మీద కూర్చుంటారు. ఇంటికి పోయేవాడు ఎటు పోవాలి?"

మూడో అంతస్తు టీచరు ఒస్నాత్ ప్రతి శనివారం సాయంత్రం జెండా పట్టుకుని ప్రభుత్వం దిగిపోవాలని అరిచి, గొంతు పోగొట్టుకుని వస్తుంది.

"మీరు ఓటేసిన వాళ్లు మా బతుకులకే అడ్డం కూర్చున్నారు అధ్యక్షా. రోడ్డు ఒక లెక్కా?"

"మావాడు సరిహద్దులో ఉన్నాడు. నాకు చెప్పకు."

"మా అమ్మాయి మాత్రం ఇంట్లో ఉందా? అదీ సైన్యంలోనేగా."

పైన ఎక్కడో దడ్‌మని పేలింది. కుక్క మూలిగింది.

రహమిమ్ గెర్షోన్ వైపు తిరిగాడు. "నీది ఏ పార్టీ పెద్దాయనా? ఇన్నాళ్లయినా తేల్చవేం?"

గెర్షోన్‌కి ఇంకా ఆయాసం తగ్గలేదు. "బయట ఎవరూ మిగల్లేదు కదా?" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

"నేనడిగింది అదే."

ఆ వారమే మెట్ల కింద పెట్టిన పసిపిల్ల బండి పోయింది. రహమిమ్ అందర్నీ మెట్ల దగ్గరికి పిలిచాడు.

"ఈయన తలుపు తీస్తాడు, దొంగ దారి చూసుకుని పోతాడు. ఇకనుంచి సైరన్ మోగితే తలుపు మూసే ఉండాలి. ఏమంటారు?"

మొదట చెయ్యెత్తింది ఒస్నాత్. "నాకూ భయంగానే ఉంది. ఎవరు వస్తున్నారో ఏమో."

వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం ఆ భవనంలో ఎవరూ ఎరగరు. ఆ ముచ్చట చూసి మిగతావాళ్లూ చేతులెత్తారు.

గెర్షోన్ ఎత్తలేదు. "మీ నిర్ణయం మీరు చేసుకున్నారు. నేను తలుపు దగ్గరే ఉంటాను."

"ఎవడి కోసమయ్యా నీ పట్టుదల? కిందటి వేసవిలో మలుపు దగ్గర బస్టాపులో క్షిపణికి పోయినావిడ గుర్తుందా? బయట నిలబడితే అంతే. నీకు మాత్రం అదే గతి పట్టదా?"

గెర్షోన్ అతని మొహంలోకి చూశాడు. తర్వాత మెట్లెక్కాడు.

రహమిమ్ ఊరుకోలేదు. గెర్షోన్ ఇంటి ఓనరుకి ఫోన్ చేసి, నెలాఖరుకి ఖాళీ చేయించేలా మాట తీసుకున్నాడు. ఆ సంగతి తనే వెళ్లి చెప్పాడు కూడా.

"సరే," అన్నాడు గెర్షోన్. "నెలాఖరు దాకా తలుపు నాది."

నెలాఖరు రాలేదు. ఒక మధ్యాహ్నం సైరన్‌కి కాలేజీ పిల్లల గుంపునొకదాన్ని లోపలికి పంపి, ఆఖరున దిగి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పు తప్పింది, ఇక పోవచ్చని అందరి ఫోన్లకీ కబురొచ్చింది. అందరూ లేచారు. ఆయన లేవలేదు. గుండె ఆగిపోయింది.

కూతురు హగీత్ హైఫా నుంచి వచ్చి, తండ్రి ఉన్న ఆ అద్దె ఇంట్లోనే సంతాపానికి కూర్చుంది. పరామర్శకి వచ్చేవాళ్ల కోసం, ఆచారం ప్రకారం, ఏడు రోజులూ ఇంటి తలుపు తీసే ఉంచింది. కమిటీ పెద్ద పలకరించకపోతే బాగుండదని రహమిమ్ వెళ్లాడు. ఒస్నాత్ అప్పటికే పప్పు వండి తెచ్చి, వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"మీ నాన్న మంచివాడే," అన్నాడు రహమిమ్. "మొండి. అంతే."

"అవును," అంది హగీత్. "మా ఇంట్లోనే క్షిపణులకి తట్టుకునే గది ఉంది, వచ్చి ఉండు నాన్నా అని బతిమాలాను. వినలేదు. ఈ భవనంలో ఇల్లు ఖాళీ అయ్యేదాకా నెలల తరబడి కాచుకున్నాడు."

"ఇదే ఎందుకు? ఇక్కడేముంది?"

ఆమె నోరు తెరిచేలోగా సైరన్ మోగింది.

కుర్చీలు పక్కకి జరిగాయి. వచ్చినవాళ్లంతా మెట్లు దిగారు. హగీత్ నేలమాళిగ మెట్లు దాటి తిన్నగా వీధి తలుపు దగ్గరికి పోయింది. బార్లా తీసి, భుజం ఆనించి నిలబడింది.

"అమ్మాయ్, నీకేమైనా పిచ్చా? మూసేసి రా," అని రహమిమ్ తలుపు మీద చెయ్యేశాడు.

ఆమె జరగలేదు. వీధి అవతల నుంచి ఒక మనిషి సంచీ విసిరేసి పరుగెత్తుకొస్తున్నాడు. ఇటు రమ్మని అతనికి చెయ్యూపింది.

"బస్టాపు దగ్గర పోయినావిడ మా అమ్మ," అంది, వీధి వైపే చూస్తూ. "క్షిపణి పడే ముందు నాన్నకి ఫోన్ చేసింది: పద్నాలుగో నంబరు తలుపు బాదుతున్నానండీ, లోపల మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి, ఎవరూ తియ్యడం లేదు, అని."