చెరుకు కొట్టినంక

కోడలు చనిపోయినప్పటి నుంచి మనుమరాలు సలోమి దొడ్డికి పోవుడు బందువెట్టింది. బిగబట్టి బిగబట్టి, గౌనులనే పాడుచేసుకుంటది.

"బడికి పోయే పిల్లవు, సిగ్గులేదానే?" అని మా ఇంటామె తిడుతది. సలోమి ఏడ్వదు.

కంఠేశ్వర్ దవాఖాన్లకు తీస్కపోతే డాక్టరు చూసిండు. "కడుపుల రోగం లేదు పెద్దాయనా. మనసుల ఏదో భయమున్నది" అన్నడు.

పందుల భయమనుకున్న. మా ఊర్ల అందరం దొడ్డికి చెరుకుతోటలకే పోతం. కట్టె పట్టుకొని తోడు పోయిన. పిల్ల గట్టు మీదనే నిలవడ్డది.

చెరుకు కొట్టి లారీలకెత్తిన పొద్దు, సలోమి ఖాళీ తోటంత తిరిగొచ్చింది.

"తాతా, అమ్మ ఈడ లేదు."

"ఈడెందుకుంటది బిడ్డా?"

"చెరుకులకు దొడ్డికి పోయింది, వస్తదని అవ్వ చెప్పింది గదా. ఇందులకు పోతే మళ్ల రారు."

గట్టు మీద కూసొని పిల్లను దగ్గరికి తీసుకున్న.

"అమ్మకు కామెర్లయినయి బిడ్డా. దవాఖాన్ల చనిపోయింది. మట్టి పెట్టినం."

"చెరుకుల కాదా?"

"కాదు."

సలోమి గట్టు దిగి నాలుగడుగులు తోటలకు పోయింది.

"అయితే నువ్వు అటు తిరుగు తాతా" అన్నది.