బోణీ అయ్యాకే రంగు

“‘కె’ అక్షరానికి ఏటి రంగే, సింధూరీ?”

“నీలం తాతా.”

“నీలమంటే? నెమలికంఠమా, ఆనందాబ్లూవా?”

“ఏదో ఒకటి వెయ్యి.”

“ఏదో ఒకటన్న కొట్టు మూణ్ణెల్లు నడవదు,” అంటూ కాశీవిశ్వనాథం వణికే కుడిచేత్తో మౌసు పట్టుకున్నాడు.

నరసన్నపేట బజారులో నలభై ఏళ్లు చీరలు విప్పి, మడతపెట్టిన చెయ్యి అది. పక్షవాతం వచ్చాక చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా పనికిరాకుండా పోయింది. వేళ్లకు రోజూ పని చెప్పకపోతే ఇక అంతేనని ఫిజియోథెరపీ డాక్టరు గిరిబాబు తేల్చేశాడు. పిసకమని ఆయనిచ్చిన రబ్బరు బంతిని, “నేనేటి సంటిపిల్లాడినా?” అని తాత ఎడంచేత్తో వీధిలోకి విసిరేశాడు.

అప్పుడే మనవరాలికి ఉపాయం తట్టింది. గైడు రెండుసార్లు తిప్పికొట్టాక, “ఇక నా వల్ల కాదు” అని ఏడ్చి అటకెక్కించేసిన పీహెచ్‌డీ థీసిస్‌ను తాత వేళ్ల కోసమని కిందికి దించింది. వంశధార వరదలో మునిగినా కుళ్లని వరిలో ఉండే ఒక ప్రోటీన్ గురించిన పరిశోధన అది. నూట ఎనభై వరి రకాల ప్రోటీన్లు ఎక్సెల్‌లో ఒకదాని కింద ఒకటి వరసలుగా ఉన్నాయి. గడికో ఇంగ్లీషు అక్షరం, అక్షరానికో అమైనో ఆమ్లం, వరసకు రెండొందల గడులు. ఒకే గుణమున్న అక్షరాలకు ఒకే రంగు వేస్తే, ఏ రకంలో ఎక్కడ తేడా వచ్చిందో నిలువునా చూడగానే తెలిసిపోతుంది.

“ఇన్ని గడులు నేనొక్కదాన్నీ ఎప్పటికి వెయ్యను తాతా? కాస్త సాయం పట్టవా?” అని బతిమాలింది.

“ఒక్క నొక్కుతో అన్నిటికీ రంగులేసే మిషనేదీ లేదేటే?”

“లేదు తాతా.”

మామ్మ కమలాదేవికి పొలమారింది. మేక్రో అని చిన్న ప్రోగ్రాం ఒకటుంటుందనీ, అది నొక్కితే అరనిమిషంలో పని అయిపోతుందనీ, సింధూరి దాన్ని రాసి దాచేసిందనీ ఆవిడకు తెలుసు. తాతకు తెలిస్తే మౌసూ బంతి దారే పడుతుంది.

“సరే గానీ, నాదొక షరతు,” అన్నాడు తాత. “బోణీ అవకుండా నేను సీర మడత ఇప్పను. నువ్వు ముందు ఒక పేజీ రాయి. అదే బోణీ. అప్పుడు నేనొక వరస ఏస్తాను.”

ఉత్త చాదస్తం అనుకుంది సింధూరి. అయినా ఆ వేళ్లు కదలాలి కదా. రోజూ సాయంత్రం కూర్చుని ఒక పేజీ రాసేది. తాత కళ్లజోడు సర్దుకుని ఒక వరస వేసేవాడు.

మొదట్లో వేళ్లు కాస్త సాగాయి. ఆ తరవాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. గుండీలు ఇంకా మామ్మే పెడుతోంది. ఐదో నెలలో సింధూరి ఉండబట్టలేక గిరిబాబుకు ఫోన్ చేసింది.

“డాక్టరుగారూ, ఇంకా వరసకి గంట పడుతోంది. నా పద్ధతేమైనా తప్పా?”

“తప్పేటి లేదమ్మా. రంగులేయించడం మాత్రం ఒక్క రోజు కూడా ఆపకు.”

ఆపలేదు. ఒకరోజు గైడు ఏదో అన్నాడని ముఖం వేలాడేసుకుని, “ఈరోజు రాయను తాతా” అంది. తాత మౌసు పక్కకు నెట్టేశాడు.

“బోణీ లేదా? అయితే కొట్టు మూసేద్దాం. నా సెయ్యి ఇలాగే సచ్చుబడి ఉండనీ.”

ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని రెండు పేజీలు రాసింది. ఈ మొండి ముసలాయన మీద ఎంత కోపమో అంత ప్రేమ.

నూట ఎనభయ్యో వరస పూర్తయ్యేసరికి థీసిస్‌కు గైడు సరేనన్నాడు. సింధూరి దాన్ని యూనివర్సిటీకి పంపేసింది. మామ్మ పాయసం వండింది. తాత వీధిలో కనబడ్డవాళ్లందరికీ “మా మనవరాలు డాక్టరవుతాది” అని చెప్పి వచ్చాడు.

సింధూరి మాత్రం పాయసం గిన్నె పక్కన పెట్టేసింది. రేపటి నుంచి తాతకు ఏం పని చెప్పాలి? పెరట్లోకి వెళ్లి గిరిబాబుకు ఫోన్ చేసింది.

“థీసిస్ అయిపోయింది డాక్టరుగారూ. తాత వెయ్యడానికి ఇంక వరసల్లేవు. ఆ చేతికి వేరే పనేదైనా చెప్పండి, ప్లీజ్.”

“అయిపోయినాదా? పంపేశావా?”

“పొద్దున్నే పంపేశానండీ. తాత చెయ్యే...”

“ఇంక దాపరికమెందుకులే.” అవతల ఆయన నవ్వు వినబడింది. “ఆ సెయ్యి బాగయి నాలుగు నెలలైనాదమ్మా.”