చిలక పందెం

కంప్యూటర్ తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. చిలక బొమ్మ ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది.

“ఏమి పాపా, దీన్ని తెచ్చుకునింది ఈ తిరుగుడు చూసేదానికా?” అన్నాడు భాస్కరయ్య.

ధర్మవరంలో పట్టుచీరల కొట్టూ, దాని వెనకున్న పన్నెండు మగ్గాలూ ఆయనవే. ఆ పొద్దున పదింటికి పందెం పెట్టాడు. చీర కొంగు మీద నేసే చిలక డిజైను, ఇద్దరికీ ఒకటే. పోతులయ్య గళ్ల కాగితం మీద చేత్తో చుక్కలు నింపాలి, శ్రీదేవి కంప్యూటర్‌లో నింపాలి. కంప్యూటర్ గెలిస్తే సోమవారం నుంచి పోతులయ్య రానక్కర్లేదు.

నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న పోతులయ్య, శ్రీదేవికి చుక్కల లెక్క నేర్పిన పోతులయ్య, తలెత్తకుండా గళ్లు నింపుకుంటున్నాడు.

శ్రీదేవి విసుగ్గా మౌసును బల్లకేసి కొట్టింది. హిందూపురంలోని మెకానిక్ సాల్మన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. బాగా వేడెక్కితే కాలిపోకుండా కంప్యూటర్ తన వేగం తానే తగ్గించుకుంటుందని, కరెంటు ఆదాకు మనం కూడా తగ్గించి పెట్టుకోవచ్చని అతను చెప్పాడు.

“సెట్టింగుల్లో వేగం ఎంతుండాదో చూడక్కా.”

“ఇప్పుడే చూస్తి. వందే ఉండాది.”

“అయితే వేడే.”

భాస్కరయ్య కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టి, చల్లగానే ఉందే అని గొణిగాడు. వేడి లోపల ఉంటుంది, పైకి తెలీదంది శ్రీదేవి. చేసేది లేక ఆయన తన గల్లా దగ్గరి ఫ్యాను తెప్పించి దానివైపు తిప్పించాడు. ఆయనకు చెమట పట్టింది గానీ చిలకకు రెక్క మొలవలేదు.

పన్నెండున్నరకు పోతులయ్య కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముక్కు నుంచి తోక దాకా చిలక పూర్తయింది. తెర మీద ఇంకా మెడ దగ్గరే ఉంది.

భాస్కరయ్యకు ఒళ్లు మండింది. “ఈ దరిద్రాన్ని బిల్లులకు పెట్టుకో. డిజైన్లు పోతులయ్యే ఏస్తాడు.”

రెండేళ్లు కంప్యూటర్ నేర్చుకున్నా శ్రీదేవికి పని చేతకాలేదని కూడా అనేసి వెళ్లిపోయాడు. ఆ మాట ఆమెకు నిజంగానే గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోతులయ్యకు జాలేసింది. “బాధపడొద్దు పాపా. మిషను మొండికేస్తే నువ్వేం జేస్తావు?” అని ఓదార్చి, సద్ది తినడానికి మగ్గాల వైపు వెళ్లాడు.

గదిలో ఎవరూ లేకుండా పోయాక శ్రీదేవి సెట్టింగులు తెరిచి, పొద్దున తను ముప్పైకి తగ్గించిన వేగాన్ని మళ్లీ వంద చేసింది.