తుపాకి బీరువా తాళం

“తాళం ఇస్తావా, బీరువా పగలగొట్టమంటావా?”

గానిమ్ అరుపుకు అతిథులు కూర్చునే మజ్లిస్ గది అదిరింది. బయట ల్యాండ్ క్రూజర్ ఇంజను ఆపకుండానే ఉంది. గుడారాలు, నీళ్ల డబ్బాలు అన్నీ ఎక్కించేశారు. వేటకు పోయే స్నేహితులు అవతల ఎదురుచూస్తున్నారు, గానిమ్ నడుముకున్న పేజర్ అదేపనిగా కూస్తోంది. ఇక కావలసింది తుపాకి ఒక్కటే. అదేమో మూలనున్న ఇనప బీరువాలో ఉంది. తాళంచెవి వాళ్ల నాన్న గుప్పిట్లో ఉంది.

“ఇస్తాను. ముందు నీ సంగతి నలుగుర్నీ అడగాలి,” అన్నాడు పెద్దాయన దిండుకు ఆనుకుని తాపీగా.

“ఎవర్ని అడుగుతావు బాబా? పర్మిషన్ నా పేరు మీద ఉంది. పోలీసులు అన్నీ చూసే ఇచ్చారు. కొన్నది నా డబ్బుతో. నా తుపాకి నా దగ్గర ఉంచుకోవడం నా హక్కు.”

“పోలీసులు నీ మీద కేసులున్నాయా లేవా అని చూస్తారు. కోపం వస్తే నువ్వేం చేస్తావో వాళ్లకేం తెలుసు? అది ఇంట్లో మసిలేవాళ్లకు తెలుస్తుంది.” పెద్దాయన గుమ్మం వైపు తిరిగాడు. “తిరుపాలూ! ఖాసింబీ! ఇటు రండి.”

అరబ్బుల దేశంలోని అల్ షహానియాలో వాళ్లకున్న ఒంటెల ఫారంలో తిరుపాలు డ్రైవరు, ఖాసింబీ వంటమనిషి. ఇద్దరిదీ కడప జిల్లానే. తలుపు వెనక నిలబడి అంతా వింటూనే ఉన్నారు. పేరు పెట్టి పిలవగానే తిరుపాలు ఖాసింబీ వెనక్కి జరిగాడు. మొన్న దారి తప్పినందుకు గానిమ్ కొట్టిన దెబ్బకు కుడి చెవి ఇంకా గుయ్‌మంటోంది. ఈ వేటకు బండి నడపాల్సిందీ అతనే. చుట్టూ ఇసుక, పక్క సీట్లో గానిమ్, గానిమ్ ఒళ్లో తుపాకి.

“అక్కా, ఏం చెప్పేది?” అని గొణిగాడు.

“బంగారట్లాంటోడని చెప్పు. లేకుంటే రేపు పొద్దున్నే నీ చేతిలో ఊరి టికెట్ పెడతారు,” అంది ఖాసింబీ పెదవులు కదపకుండా.

“తుపాకి ఇచ్చేస్తే నా గతేం కావాల?”

“పైన అల్లా ఉండాడు. గమ్మున రా.”

వాళ్లను చూసి గానిమ్ ఎగతాళిగా నవ్వాడు. “పనివాళ్ల మాట మీద తుపాకి ఇస్తావా? నీ తుపాకి కూడా ఆ బీరువాలోనే ఉందిగా బాబా! నీ గురించి ఎవర్నడిగారు?”

“న్యాయమే. అయితే ముందు నా సంగతే అడుగు.”

గానిమ్ ఖాసింబీ వైపు చూశాడు. ఆమెకు ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. అరబ్బీ, హిందీ కలిపి అందుకుంది.

“బాబాకు కోపం ముక్కు మీదే ఉంటాది. పందెంలో ఒంటె ఓడిపోతే నా కూరకు వంక పెడతాడు. షుగరుందని డాక్టరు వద్దన్నా వినకుండా ఖర్జూరాలు దిండు కింద దాచుకుంటాడు. మొన్న వార్తలు చూస్తా టీవీ మీదికి చెప్పు ఇసిరినాడు.”

ఆ ఊపులో తిరుపాలుకూ నోరు పెగిలింది. “బండెక్కితే స్టీరింగు ఒకటే నా చేతిలో ఉంటాది సారూ. తతిమ్మాదంతా ఆయనే నడుపుతాడు.”

“దిండు సంగతి చెప్పొద్దన్నానా!” అని పెద్దాయన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

గానిమ్ నవ్వలేదు. “విన్నావుగా? ఈ లెక్కన తుపాకి ఉండకూడనిది నీకే. ఇప్పుడు నా గురించి చెప్పండి. అన్నీ చెప్పండి.”

ఆ ‘అన్నీ’ అన్నప్పుడు అతని చూపు ఇద్దరి మీదా ఆగింది.

“చిన్న సారు చాలా మంచోడు,” అంది ఖాసింబీ నేల చూపులు చూస్తూ.

“ఒక్క తప్పూ లేదా?” అడిగాడు పెద్దాయన.

“లేదు బాబా.”

“నువ్వు చెప్పు తిరుపాలూ. రోజంతా వాడితో తిరిగేది నువ్వే కదా. ఎప్పుడైనా కోప్పడ్డాడా?”

తిరుపాలు లోపల లెక్క వేసుకున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది. గానిమ్ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చివరికి ఉద్యోగమే గెలిచింది.

“లేదు బాబా. అట్లాంటి మనిషిని నేను యాడా చూడలేదు.”

తన గొయ్యి తనే తవ్వుకున్నట్టనిపించి అతనికి ఏడుపొచ్చింది.

“శభాష్!” అంటూ గానిమ్ అతని భుజం తట్టబోయి చెయ్యెత్తాడు. తిరుపాలు చటుక్కున తల వంచి కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 

గానిమ్ అదేమీ పట్టించుకోకుండా తండ్రి ముందు చెయ్యి చాపాడు. “అయిపోయిందిగా నీ విచారణ! తాళం ఇవ్వు. యల్లా, తొందరగా!”

పెద్దాయన తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. “తిరుపాలూ, పోయి ఇంజను ఆపు.”

“ఎందుకు? నీ మీద బోలెడు ఫిర్యాదులు చేశారు. నా మీద ఒక్కటి కూడా చెప్పలేదు కదా!”

“అందుకే. నా తప్పులు నా మొహం మీదే చెప్పినవాళ్లు, నీ పేరెత్తగానే వణికిపోయారు. తుపాకి లేకుండానే ఇంత భయపెట్టావు, ఇక అది కూడా ఎందుకురా నీకు?”